బుజ్జమ్మా, కారు కోసం ఆగొద్దు

మదనపల్లె

చిరంజీవి బుజ్జమ్మకు నాయన, అమ్మ దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఫోన్‌లో నువ్వు ఎప్పుడూ హడావిడిగానే ఉంటావు. నేను నాలుగు మాటలు చెప్పేలోపు ఇంకో కాల్ వస్తుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. రెండు విడతల్లో చదువుకున్నా పర్వాలేదు, ఫోన్‌లో దాచుకుంటే స్టేషన్‌లో నిలబడ్డప్పుడు పనికొస్తుంది.

పోయిన ఆదివారం నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "డబ్లిన్లో కారు లేకుండా ఎక్కడికి పోతాం నాయనా, చూడాల్సినవన్నీ ఊరి బయట ఉన్నాయి. లైసెన్సు రానీ, ఇన్సూరెన్స్ కాస్త తగ్గనీ, అప్పుడు చూద్దాం" అన్నావు. వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు గదిలో లాప్‌టాప్ ముందు. ఈ వయసులో ఇలా గడిచిపోతున్న రోజులను తలుచుకుంటే నాకు దిగులుగా ఉంది. పైగా నువ్వన్నది నిజం కాదు. పోయిన వేసవిలో నువ్వు ఆఫీసుకు వెళ్ళాక నేనూ మీ అమ్మా తిరిగిందంతా బస్సుల్లో, రైళ్ళలో తాకించే లీప్ కార్డు మీదే. సముద్రం ఒడ్డున ఉన్న రాజధానుల్లో, రైలు దిగి ప్లాట్‌ఫాం దాటగానే అలలు కనపడే చోట్లు ఇన్ని ఉన్న ఊరు అరుదు. కారున్నవాడు అక్కడ పార్కింగ్ వెతుక్కుంటూ తిరుగుతుంటే మేం సముద్రంలోకి కట్టిన రాతి గట్టు, అదే పియర్, మీద సగం దూరం నడిచేసేవాళ్ళం.

ముందు కార్డు సంగతి. నీకింకా 26 నిండలేదు. 19 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకు యంగ్ అడల్ట్ లీప్ కార్డు ఇస్తారు, ఫోటో పెట్టి అప్లై చేయాలి. నువ్వు వాడుతున్నది మామూలు కార్డు. నగరం జోన్‌లో బస్సుకూ ట్రాముకూ డార్ట్ అనే లోకల్ రైలుకూ కలిపి 90 నిమిషాల ఛార్జీ పెద్దవాళ్ళకు 2 యూరోలు, నీకైతే అందులో సగం. మొదటిసారి కార్డు తాకించిన 90 నిమిషాల్లోపు చివరి బండి ఎక్కితే చాలు, దిగే లోపు టైము దాటినా ఫర్వాలేదు. రోజుకూ వారానికీ ఒక పరిమితి ఉంటుంది, దాని మీద పైసా తీసుకోరు. రైలు దిగేటప్పుడు మాత్రం మళ్ళీ కార్డు తాకించడం మర్చిపోకు. బస్సు అలవాటులో అలాగే బయటికొచ్చేస్తే గరిష్ఠ ఛార్జీ పడుతుంది.

ఇక నా మనసు పడిన లైను. నీకు తెలుసు కదా, పాకాల-ధర్మవరం లైనులో మీటర్‌గేజ్ కాలంలో ఉద్యోగంలో చేరి బ్రాడ్‌గేజ్ వచ్చాక రిటైరైనవాణ్ణి నేను. ఏ దేశం వెళ్ళినా ముందు పట్టాలవైపే చూస్తాను. టారా స్ట్రీట్‌లోనో పియర్స్ స్టేషన్‌లోనో దక్షిణం వైపు గ్రేస్టోన్స్ బండి ఎక్కు. ఎడమవైపు కిటికీ పట్టుకో. సముద్రం ఆ పక్కే ఉంటుంది. ఆ పియర్స్ స్టేషన్ నుంచే 1834 డిసెంబరు 17న ఐర్లండ్‌లో మొదటి రైలు బయల్దేరింది. అప్పుడు ఆ స్టేషన్ పేరు వెస్ట్‌ల్యాండ్ రో, బండి వెళ్ళింది ఇప్పటి డన్ లీరీకి. మన బొంబాయి-ఠాణా బండి నడిచింది 1853లో. అంటే దానికి పద్దెనిమిదేళ్ళ ముందే అక్కడ జనం రైల్లో ఊరి చివరి నుంచి పనికి వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్ళు. 1984లో ఆ లైనుకే 1500 వోల్టుల కరెంటు తీగలు వేసి డార్ట్ అన్నారు.

పట్టాల మధ్య వెడల్పు గమనించావా? అక్కడ 1600 మిల్లీమీటర్లు, మన బ్రాడ్‌గేజ్ 1676. ఇంగ్లండులో, యూరప్‌లో చాలా దేశాల్లో 1435. ఐర్లండ్‌లో మొదట్లో ఒక్కో కంపెనీ ఒక్కో కొలతతో లైను వేసుకుంది. డబ్లిన్ దగ్గర ఒకటి, ఉత్తరాన ఇంకొకటి. చివరికి 1840లలో ప్రభుత్వం అన్నిటికీ మధ్యస్థంగా ఉండేలా 5 అడుగుల 3 అంగుళాలు ఖాయం చేసింది. గేజ్ మారే చోట జనం మూటలు మోసుకుని ప్లాట్‌ఫాం మారడం నా కళ్ళారా చూశాను కాబట్టి ఆ తేల్చినవాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది.

ల్యాన్స్‌డౌన్ రోడ్ దాటాక శాండీమౌంట్ వస్తుంది. అక్కడ ఒకసారి దిగి ఒడ్డు దాకా నడువు. ఆటు సమయంలో నీళ్ళు చాలా దూరం వెనక్కి పోయి, తడి ఇసుక మైదానంలా బయటపడుతుంది. ఆ పేటలో కాపురమున్న జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ దంపతులు 1915లో ఇండియాకు వచ్చి, తర్వాత మన ఊరి బి.టి. (బీసెంట్ థియోసాఫికల్) కాలేజీకి చేరుకున్నారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు మదనపల్లెకు వచ్చినప్పుడు జనగణమనను ఇంగ్లిషులోకి మార్చింది ఇక్కడే, ఆ పాటకు స్వరాలు రాసి పెట్టింది ఆ మార్గరెట్ అమ్మే. ఆమె డబ్లిన్లో ఉన్నప్పుడు ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడి జైలుకు వెళ్ళింది. నేను చదువుకున్న కాలేజీకి ఆ ఒడ్డు నుంచి మనుషులు వచ్చారన్న సంగతి అక్కడ నిలబడితే ఒళ్ళు పులకరించేలా తెలిసింది. మీ అమ్మ ఆ ఇసుకలో నిలబడి జనగణమన మెల్లగా పాడింది. నువ్వు మదనపల్లె పిల్లవి. రోజూ ఆ స్టేషన్ మీదుగా పోతూ ఒక్కసారైనా దిగకపోతే ఎలా?

తర్వాత బూటర్స్‌టౌన్. ఎడమపక్క సముద్రం, కుడిపక్క రోడ్డుకీ పట్టాలకీ నడుమ చిత్తడి నేల, అందులో కొంగలు, రకరకాల నీటిపిట్టలు. ఆ చిత్తడి ఏర్పడిందే రైలువల్ల. 1834లో సముద్రపు ఇసుక మీద గట్టు పోసి లైను వేస్తే, గట్టు లోపల చిక్కుకున్న నీళ్ళు అలా మిగిలిపోయాయి. ఇప్పుడది పక్షుల ఆశ్రయం.

డన్ లీరీలో తప్పకుండా దిగు. స్టేషన్ ఎదురుగానే హార్బరు. తూర్పు పియర్ మీద చివర లైట్‌హౌస్ దాకా వెళ్ళి రావడానికి రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు నడక. మోకాళ్ళ నొప్పులున్న మీ అమ్మ కూడా హాయిగా నడిచింది, ఎందుకంటే మెట్లూ ఎత్తులూ లేవు. ఆ పియర్ ఊరికే షికారుకు కట్టింది కాదు. 1807 నవంబరులో తుపానులో రెండు ఓడలు, రాచ్‌డేల్, ప్రిన్స్ ఆఫ్ వేల్స్, ఒడ్డుకు అంత దగ్గర్లో పగిలిపోయి దాదాపు 400 మంది చనిపోయారు. ఆ తర్వాత ఊరివాళ్ళు పట్టుబట్టి అడగ్గా అడగ్గా 1817లో హార్బరు పని మొదలైంది. రాయంతా పక్కనే డాకీ కొండ నుంచి తవ్వి తెచ్చారు. 1821లో నాలుగో జార్జి రాజు వచ్చి వెళ్ళాడని ఊరికి కింగ్స్‌టౌన్ అని పేరు పెట్టారు. 1920లో తీసేసి పాత పేరే మళ్ళీ పెట్టుకున్నారు. పియర్ మీద ఆదివారాలు ఐస్‌క్రీం పట్టుకుని నడిచే జనాన్ని చూడు. కోటు వేసుకుని వణుకుతూ కూడా తింటారు.

డన్ లీరీ నుంచి శాండీకోవ్ దాకా ఒడ్డు వెంబడి నడవచ్చు. ఫార్టీ ఫుట్ అనే చోట ఏడాది పొడుగునా, జనవరిలో కూడా, ముసలివాళ్ళతో సహా సముద్రంలోకి దూకి ఈదుతారు. నువ్వు మాత్రం ఎవరైనా తోడు లేకుండా, అలలున్న రోజున దిగొద్దు. నీళ్ళు వేసవిలో కూడా బాగా చల్లగా ఉంటాయి. ఆ పక్కనే గుండ్రటి రాతి బురుజు కనిపిస్తుంది. నెపోలియన్ దండెత్తి వస్తాడన్న భయంతో 1804 నుంచి ఆ తీరమంతా కట్టుకుంటూ పోయిన మార్టెల్లో టవర్లలో అదొకటి. ఒకసారి గుర్తుపట్టడం తెలిస్తే, ఆ తర్వాత హోత్ నుంచి బ్రే దాకా రైల్లోంచి వాటినే చూస్తావు.

డాకీలో ఒక విచిత్రమైన రైలు నడిచింది. ఇది నీలాంటి ఇంజనీరుకు చెప్పాల్సిందే. 1844లో మొదలై 1854 దాకా డన్ లీరీ నుంచి డాకీకి ఇంజను లేని బండి ఉండేది. పట్టాల నడుమ ఒక ఇనుప గొట్టం. డాకీలో ఆవిరి యంత్రంతో ఆ గొట్టంలోని గాలిని లాగేస్తే, బండికి కింద తగిలించిన పిస్టన్ గొట్టంలో ముందుకు దూసుకొచ్చేది, దాంతో బండి కొండెక్కేది. తిరుగు ప్రయాణంలో పల్లానికి తనంత తానే దొర్లిపోయేది. గొట్టం పైన చీలికను మూయడానికి తోలు పట్టీ వాడారు, కొవ్వు పూసి మెత్తగా ఉంచేవారు. గాలి చొరకుండా ఆ తోలును కాపాడడం కష్టమైపోయింది. పదేళ్ళు నడిచి ఆగిపోయింది. పొగ లేకుండా బండి నడపాలని అప్పుడే ఆలోచించారంటే ఎంత తపన!

డాకీ స్టేషన్ దాటి చిన్న సొరంగంలోంచి బయటికి రాగానే కిటికీ నిండా కిలైనీ అఖాతం తెరుచుకుంటుంది. ఆ క్షణం కోసం ఫోన్ జేబులో పెట్టుకో. కొండ అంచున పట్టాలు, కింద నీళ్ళు, ఎదురుగా బ్రే హెడ్ కొండ. దీన్ని ఇటలీలో నేపుల్స్ అఖాతంతో పోల్చుకుని అక్కడి వీధులకు సొరెంటో, వీకో అని పేర్లు పెట్టుకున్నారు. కిలైనీలో దిగి కొండెక్కితే పైన ఒక రాతి స్తంభం ఉంటుంది, 1742లో కట్టింది. 1740-41లో భయంకరమైన చలి, ఆ వెంటనే కరువు వచ్చి జనం మాడిపోతుంటే, కూలి ఇవ్వడం కోసం పని కల్పించి కట్టించారు. ఫలకం మీద అదే రాసి ఉంది. మన సీమలో కరువు పనుల కింద చెరువు కట్టలూ రోడ్లూ వేయించినట్టే. మా నాన్న, అంటే మీ తాత, కరువు పనుల్లో మట్టి మోసినవాడు. ఆ రాయి మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాను.

బ్రేలో చాలామంది దిగిపోతారు. నువ్వు దిగొద్దు, మొదటిసారి గ్రేస్టోన్స్ దాకా వెళ్ళు. బ్రే నుంచి గ్రేస్టోన్స్ దాకా ఒంటి లైను, కొండ చరియను చెక్కి సొరంగాల్లోంచి వేశారు. ఆ దారి గీసింది బ్రూనెల్, ఇంగ్లండులో అంత పేరున్న ఇంజనీరు. 1855లో బండ్లు మొదలయ్యాయి. అయితే సముద్రం ఆ కొండను కొరుకుతూనే ఉంది. 1867లో అక్కడి చెక్క వంతెన మీద బండి పట్టాలు తప్పి పడిపోయింది. ఆ తర్వాత కొంచెం కొంచెంగా లైనును కొండ లోపలికి జరుపుకుంటూ వచ్చారు, 1917లో పెద్ద సొరంగం తవ్వారు. కిటికీలోంచి జాగ్రత్తగా చూస్తే వదిలేసిన పాత కట్టడాలు కనిపిస్తాయి. వానాకాలంలో రాత్రిపూట లాంతరు పట్టుకుని లైను తిరిగిన మన గ్యాంగ్‌మెన్ నాకు గుర్తొచ్చారు. అక్కడా అలాంటివాళ్ళే ఉంటారు, ప్రతి తుపాను తర్వాతా ఆ పట్టాలను చూసేవాళ్ళు. వాళ్ళవల్లే మనం కిటికీ పక్కన కూర్చుని సముద్రం చూస్తూ పోగలుగుతున్నాం.

ఆ రెండు ఊళ్ళ మధ్య కొండ అంచున కాలిబాట కూడా ఉంది కానీ, రాళ్ళు జారి పడడంతో కొంత భాగం మూసేశారు. ఎంత దూరం తెరిచి ఉందో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోకుండా వెళ్ళొద్దు. కంచె దాటి పోయేవాళ్ళను చూశాను, వాళ్ళ వెనక నువ్వు పోవద్దు. బ్రే వైపు నుంచి కొండ మీది శిలువ దాకా ఎక్కి వస్తే చాలు, సముద్రమూ విక్లో కొండలూ రెండూ ఒకేసారి కనిపిస్తాయి. చిత్రాన్నం కట్టుకుని పో. బ్రే ఒడ్డున బెంచీలు బోలెడు.

హోత్‌కు నువ్వు మీ ఆఫీసువాళ్ళతో ఒకసారి వెళ్ళావు, చేపలూ చిప్సూ తిని వచ్చామన్నావు. అది చాలదు. కానలీ స్టేషన్‌లో హోత్ బండి ఎక్కితే నేరుగా హార్బరు పక్కన దింపుతుంది. పొరపాటున మాలహైడ్ బండి వస్తే హోత్ జంక్షన్‌లో మారు. కానీ నేను చెప్పేది వేరే పద్ధతి. వెళ్ళేటప్పుడు అబ్బే స్ట్రీట్ దగ్గర హెచ్3 బస్సు ఎక్కి హోత్ సమిట్‌లో, అంటే కొండపైనే దిగు. అక్కడి నుంచి కొండ అంచు బాటలో కిందికి నడుచుకుంటూ హార్బరుకు వచ్చి, రైల్లో ఇంటికి రా. ఎక్కడం ఉండదు, ఎదురుగా ఎప్పుడూ సముద్రమే. 1959 దాకా ఆ కొండ మీదికి ట్రాము ఉండేది, ఇప్పుడా పని బస్సు చేస్తోంది. బాట మొదట్లో బెయిలీ లైట్‌హౌస్ కింద కనిపిస్తుంది. 1814లో కట్టిన ఆ లైట్‌హౌస్‌లో 1997 దాకా మనుషులు ఉండి దీపం చూసుకున్నారు. ఆగస్టులో కొండంతా ఊదారంగు హెదర్ పూలు, వాటి మధ్య గోర్స్ అనే ముళ్ళపొదల పసుపు పూలు. మీ అమ్మ పూలన్నిటికీ పేర్లు అడిగింది. దారిన పోయే ఒక పెద్దావిడ ఆగి ఓపిగ్గా చెప్పింది.

కింద హార్బరు చూస్తే రైల్వే, ఓడల కథ ఒకటి తెలుస్తుంది. ఇంగ్లండు నుంచి టపా ఓడలు రావడానికి మొదట హోత్‌లోనే హార్బరు కట్టారు. కట్టాక అందులో ఇసుక మేట వేయడం మొదలైంది. పెద్ద ఓడలు రాలేక టపా డన్ లీరీకి మారింది. అలా డన్ లీరీ పెద్దదైంది, హోత్ చేపల ఊరుగా మిగిలింది. 1914 జూలై 26న మాత్రం ఆ చిన్న హార్బరుకు అస్గార్డ్ అనే పడవ తుపాకులు తెచ్చింది. వాటిలో కొన్ని 1916లో బ్రిటిషు పాలన మీద జరిగిన తిరుగుబాటులో పేలాయి. నువ్వు రోజూ దిగే కానలీ, పియర్స్, హ్యూస్టన్ స్టేషన్లకు 1966లో పెట్టిన పేర్లు ఆ తిరుగుబాటులో ప్రాణాలిచ్చినవాళ్ళవే. అందులో షాన్ హ్యూస్టన్ రైల్వే గుమస్తా. కాల్చి చంపేనాటికి 25 ఏళ్ళు, నీ ఈడువాడు. ఆ స్టేషన్‌లో బండి కోసం ఆగినప్పుడల్లా నాకు అతనే గుర్తొచ్చేవాడు.

హార్బరులో సీల్స్ తలెత్తి చూస్తుంటాయి, వాటికి తిండి వేయొద్దు. సీగల్స్ విషయంలో మాత్రం చేతిలో పొట్లం జాగ్రత్త. వెనక నుంచి వచ్చి తన్నుకుపోతాయి.

ఉత్తరానికి పోవాలంటే కానలీలో డ్రాహెడ బండి. మాలహైడ్ దాటగానే రైలు నీళ్ళ మీదుగా పోతుంది. 2009 ఆగస్టు 21న ఆ వంతెనలో 20 మీటర్ల భాగం కూలిపోయింది. ఒక ప్యాసింజరు బండి దాని మీదుగా వెళ్తుండగానే డ్రైవరు గట్టు కుంగడం గమనించి వెంటనే కబురందించాడు, వెనక బండ్లు ఆపేశారు. ఒక్కరికి కూడా దెబ్బ తగల్లేదు. ఆ డ్రైవరు చూపు గురించి మన స్టాఫ్ ట్రైనింగుల్లో చెప్పాలి. నవంబరు కల్లా లైను మళ్ళీ తెరిచారు.

డ్రాహెడలో బోయిన్ నది మీద రాతి తోరణాల పెద్ద రైలు వంతెన ఉంది, 1855 నాటిది. అది కట్టేదాకా డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్ పోయేవాళ్ళు ఇక్కడ దిగి ఊరు దాటి అవతల ఇంకో బండి ఎక్కాల్సి వచ్చేది. వంతెన స్టేషన్‌కు అవతల ఉంది కాబట్టి రైల్లోంచి కాక, ఊళ్ళోకి నడిచి నది గట్టు మీద నుంచి చూడు. అదే ఊరి నుంచి న్యూగ్రేంజ్ అనే పురాతన సమాధికి వెళ్ళొచ్చు. స్థానిక బస్సు బ్రూ నా బోయిన్ విజిటర్ సెంటర్ దాకా పోతుంది, అక్కడి నుంచి వాళ్ళ బస్సులో సమాధి దగ్గరికి తీసుకుపోతారు. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కో, వేసవిలో అప్పటికప్పుడు దొరకవు.

న్యూగ్రేంజ్ గురించి ఎంత రాసినా తక్కువే. క్రీ.పూ. 3200 ప్రాంతం నాటిది, ఈజిప్టు గీజా పిరమిడ్ల కంటే పాతది. పైన గడ్డి మొలిచిన పెద్ద దిబ్బ, ముందువైపు తెల్లరాళ్ళ గోడ, లోపలికి 19 మీటర్ల ఇరుకు దారి. చివర గదిలో పైకప్పును ఒకదానిమీద ఒకటి బండలు లోపలికి జరుపుతూ పేర్చి మూశారు, సున్నం లేదు, సిమెంటు లేదు. ఐదు వేల ఏళ్ళుగా వాన చుక్క లోపలికి దిగలేదు. డిసెంబరు 21 చుట్టుపక్కల రోజుల్లో సూర్యోదయం వేళ, వాకిలి పైన వదిలిన చిన్న కంతలోంచి ఎండ ఆ దారి పొడుగునా పాకి గది లోపలికి వస్తుంది, 17 నిమిషాలు ఉంటుంది. 1967లో మైకేల్ ఓకెల్లీ అనే పురావస్తు శాస్త్రవేత్త ఒక్కడే లోపల కూర్చుని దాన్ని మన కాలంలో మొదటిసారి చూశాడు. ఇప్పుడు ఆ డిసెంబరు రోజుల్లో లోపలికి వెళ్ళడానికి లాటరీ తీస్తారు, అప్లికేషన్ ఉచితం. నీ పేరు తప్పకుండా వెయ్యి. రాకపోయినా, మామూలు రోజుల్లో గైడు లైట్లన్నీ ఆర్పేసి ఒక దీపంతో ఆ వెలుగు ఎలా వస్తుందో చూపిస్తాడు. ఆ చీకట్లో మీ అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బయటికొచ్చాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కొండలు కావాలంటే గ్లెండలాక్. దానికి రైలు లేదు, సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ దగ్గర సెయింట్ కెవిన్స్ బస్సు ఉదయం బయల్దేరుతుంది, సాయంత్రం వెనక్కి తెస్తుంది. ఆరో శతాబ్దంలో కెవిన్ అనే సన్యాసి ఏకాంతం వెతుక్కుంటూ ఆ లోయకు వచ్చాడు. ఆయన వెంట శిష్యులు, ఆ తర్వాత ఒక మఠమే వెలిసింది. ఇప్పుడు అక్కడ శిథిలాలు, 30 మీటర్ల ఎత్తు గుండ్రటి గోపురం, రెండు చెరువులు. గోపురం వాకిలి నేలకు మూడున్నర మీటర్ల పైన ఉంటుంది, నిచ్చెన వేసుకుని ఎక్కేవాళ్ళు. జనం ఎక్కువగా గోపురం దగ్గర ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతారు. నువ్వు పై చెరువు దాకా నడువు, నడక అంతా చెట్ల నీడలో చదునుగా ఉంటుంది. ఇంకా ఓపిక ఉంటే స్పింక్ అనే గట్టు మీదికి చెక్క మెట్ల బాట ఉంది, చెరువు మొత్తం కాళ్ళ కింద కనిపిస్తుంది. నేను ఎక్కాను, మీ అమ్మ కింద పుస్తకం చదువుకుంది. బస్సులు రోజుకు కొన్నే కాబట్టి తిరుగు బస్సు టైముకు ముందే వచ్చి నిలబడు. అది తప్పితే లోయలో చిక్కుకుంటావు.

ఇప్పుడు ఒక సీరియస్ మాట. బెల్‌ఫాస్ట్‌కు ఎంటర్‌ప్రైజ్ రైలు 2024 అక్టోబరు నుంచి గంటకొకటి నడుస్తోంది, సుమారు రెండు గంటల్లో పోవచ్చు. సరిహద్దు దగ్గర గేటు లేదు, చెక్‌పోస్టు లేదు. ఎప్పుడు దాటామో కూడా తెలియదు. మీ స్నేహితులు అందుకే "ఎవరడుగుతారు" అని వెళ్ళొస్తుంటారు. అది యూకే, బుజ్జమ్మా. నీ ఐరిష్ పర్మిట్ అక్కడ చెల్లదు, భారత పాస్‌పోర్టు మీద యూకే వీసా ఉండాలి. తనిఖీ బస్సుల్లో, రైళ్ళలో అప్పుడప్పుడు చేస్తూనే ఉంటారు. దొరికితే రేపు నీ పర్మిట్ రెన్యువల్ దగ్గర ఎంత టెన్షనో ఊహించుకో. వీసా తీసుకునే వెళ్ళు, తీసుకున్నాక మమ్మల్ని కూడా అడుగు, ఆ ఊరు నాకూ చూడాలని ఉంది. అప్పటిదాకా ఉత్తరాన డండాక్ నీ హద్దు అనుకో.

వెలుతురు లెక్క కూడా చూసుకో. జూన్లో రాత్రి పది దగ్గర దాకా పొద్దు కుంకదు, ఆఫీసు అయ్యాక కూడా హోత్ వెళ్ళి రావచ్చు. ఇది మేం అక్కడ ఉన్నప్పుడు నీకు చాలాసార్లు చెప్పాను. డిసెంబరులో నాలుగుంపావుకల్లా చీకటి పడుతుంది, కాబట్టి చలికాలం తొమ్మిదికల్లా స్టేషన్‌లో ఉండాలి. గొడుగు పనికిరాదు, ఆ గాలికి రెండు నిమిషాల్లో తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్‌కోటు కొనుక్కో. మంచిది కొను, డబ్బు గురించి ఆలోచించకు.

మేలో మొదటి సోమవారం మీకు బ్యాంక్ హాలిడే కదా. ఆ రోజు గ్రేస్టోన్స్‌తో మొదలుపెట్టు. సెలవు రోజుల్లో ఆదివారం టైమ్‌టేబుల్ నడుస్తుంది, ఒక్కోసారి లాంగ్ వీకెండ్లలో లైను పనులకని కొంత భాగం మూసి బస్సులు వేస్తారు. ముందు రోజు రాత్రి యాప్‌లో చూసుకో. నీ రూమ్మేట్‌ను కూడా పిలువు, ఆ పిల్ల కూడా మూడు నెలలుగా గది దాటలేదన్నావు. వెళ్ళొచ్చాక పట్టాల ఫోటోలు నాకు పంపు. బ్రే దాటాక సొరంగాల దగ్గర లైను మీద కొత్తగా ఏం పనులు చేస్తున్నారో చూడాలని ఉంది. అమ్మ పచ్చడి, పొడులు పార్సెల్ కడుతోంది, వచ్చే వారం పంపుతాం.

ఉంటాను.
నీ నాయన